పొయ్యి కట్టేశాక మిగిలే వేడి

పాప పుట్టాక నాకు పొయ్యి భయం పట్టుకుంది. ఇంట్లోంచి బయల్దేరి, లిఫ్టు దిగి, బస్టాపు దాకా వెళ్లి, పొయ్యి కట్టేశానా లేదా అని వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. మాది కరెంటు పొయ్యి. మంట కనపడదు. కట్టేశామో లేదో తెలియాలంటే చెయ్యి దగ్గరగా పెట్టి చూడాలి. కట్టేసి చాలాసేపయినా చేతికి వేడి తగులుతూనే ఉంటుంది, దాంతో అనుమానం ఇంకా పెరుగుతుంది. మా ఆయన మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేసి, నేను చెప్పులు, అంటే మంచు బూట్లు, తొడుక్కునేలోగా పొయ్యి మీటల ఫొటో తీసి నా ఫోనుకు పంపేవాడు. "ఇదిగో, అన్నీ సున్నా మీదే ఉన్నాయి. రైల్లో కూర్చుని తీరిగ్గా చూసుకో" అనేవాడు. నేను నిజంగానే చూసుకునేదాన్ని.

ఈ భయం వల్ల నాకొక లాభం కలిగింది. ఆ లాభం వల్ల ఇంకో అమ్మాయికి నష్టం జరిగింది. అది రాసి పెట్టుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పాప పడుకున్నాక తప్ప నాకు వీలు దొరకదు, పడుకున్నాక కూడా మధ్యమధ్యలో లేచి ఊపిరి పీలుస్తోందో లేదో చూసి రావాలి. అందుకని ఇన్నాళ్లు పట్టింది.

నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో మాస్టర్స్ చేశాను. పరిశోధన చేసి థీసిస్ రాసే మాస్టర్స్. నా పని క్వాంటమ్ డాట్లను వేడి చేయడం. సెమీకండక్టర్ పదార్థాన్ని ఒక్కోదాంట్లో కొద్ది వేల పరమాణువులు మాత్రమే పట్టేంత చిన్న రేణువులుగా తయారుచేస్తే, రేణువు సైజును బట్టి దాని రంగు మారుతుంది. పదార్థం అదే. రేణువులు చిన్నవైతే ఆకుపచ్చగా, కాస్త పెద్దవైతే ఎర్రగా వెలుగుతుంది. వరసగా సీసాల్లో పోసి పెడితే ఎండాకాలం ఐసు బండి మీది రంగు సీసాల్లా ఉంటాయి. ల్యాబ్ చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఆ సీసాల దగ్గరే ఆగి ఫొటోలు తీసుకునేవారు.

కానీ వెలగడం వేరు, కరెంటు పారడం వేరు. ఒక్కో రేణువు చుట్టూ జిడ్డులాంటి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర లేకపోతే రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలక్ట్రాన్ దాటలేదు. అందుకని గాజు ముక్క మీద పల్చగా పూసి వేడి చేస్తాం. పొర కొంత పోతుంది, రేణువులు దగ్గరికి జరుగుతాయి, కరెంటు పారడం మొదలవుతుంది. వేడి చాలకపోతే ఏమీ జరగదు. ఎక్కువైతే రేణువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వాటి సైజు పోతుంది, సైజుతో పాటు రంగూ పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రేణువుల పైన తెగిపోయిన బంధాలుంటాయి. ఎలక్ట్రాన్‌కు అవి దారిలో గోతుల్లాంటివి, పడితే అక్కడే చిక్కుకుపోతుంది. సరైన వేడి ఆ గోతుల్ని కొంత పూడుస్తుంది. ఎంత వేడి, ఎంతసేపు అన్నదే నా థీసిస్ మొత్తం.

ఈ పని గ్లవ్ బాక్స్‌లో చేయాలి. గాలి తగలకుండా నత్రజని నింపిన పెద్ద పెట్టె అది. ముందు అద్దం ఉంటుంది, అద్దంలోంచి రెండు పొడవాటి రబ్బరు చేతులు లోపలికి ఉంటాయి. వాటిలో మన చేతులు దూర్చి పని చేస్తాం. లోపల ఒక హాట్ ప్లేట్ ఉంటుంది. మందపాటి అల్యూమినియం దిమ్మె, కింద కరెంటు.

పాప పుట్టక ముందు నా ఫలితాలు ఏమంత బాగుండేవి కావు. కడుపుతో ఉన్నన్నాళ్లూ ల్యాబ్‌లోకి వెళ్లలేదు, మేం వాడేది కాడ్మియం, విషం. తిరిగి వెళ్లాక కూడా సాయంత్రం మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కుంటే గానీ పాపను ఎత్తుకునేదాన్ని కాదు. అయితే తిరిగి వెళ్లిన రెండో నెల నుంచే నా ముక్కల్లో కరెంటు బ్రహ్మాండంగా పారడం మొదలైంది. రంగు పోలేదు, గోతులు తగ్గాయి. మా ప్రొఫెసర్ గ్రాఫు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. తల్లి అయ్యాక చెయ్యి కుదురుకున్నట్టుంది అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. నేనూ నమ్మాను.

అసలు జరిగింది ఇది. డేకేర్ ఐదున్నరకు మూసేస్తారు. నేను ఐదింటికల్లా రైలెక్కాలి. రెండు వందల డిగ్రీలు, పది నిమిషాలు అని పెట్టుకున్న టైమరు మోగేసరికి నాలుగూ నలభై అయ్యేది. పాప పుట్టక ముందు, టైమరు మోగగానే ముక్కల్ని పట్టకారుతో తీసి చల్లటి లోహపు దిమ్మె మీద పెట్టేదాన్ని. ఇప్పుడు అంత తీరిక లేదు. హాట్ ప్లేట్ మీట సున్నాకు తిప్పేదాన్ని. తిప్పి, అద్దంలోంచి మీటను మూడుసార్లు చూసుకునేదాన్ని. రబ్బరు చేతుల్లోంచి చేతులు లాక్కుని పరిగెత్తేదాన్ని. ముక్కలు ఆ ప్లేటు మీదే రాత్రంతా ఉండేవి, పొద్దున వచ్చి తీసేదాన్ని. నోట్‌బుక్‌లో "200 డిగ్రీలు, 10 నిమిషాలు" అని రాసేదాన్ని. అబద్ధం రాస్తున్నానని అనుకోలేదు. పొయ్యి కట్టేశాక ఇంక వంటేముంది?

ఆ సెప్టెంబరులో మా ల్యాబ్‌లో ఒకమ్మాయి చేరింది. వరంగల్ వైపు పిల్ల. ఆ ఏడాది మనవాళ్లు ఎంతమంది వచ్చారంటే, సాయంత్రం బస్సులో వెనక సీటు నుంచి ముందు సీటు దాకా తెలుగే వినపడేది. ఆమె ఇంకో ఐదుగురితో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉండేది. పొద్దున ల్యాబు, సాయంత్రం కాఫీ షాపులో పని. ప్రొఫెసర్ ఆమెకు నా పనే అప్పజెప్పాడు, నేను చేసింది మళ్లీ చేసి చూపించి ముందుకు తీసుకెళ్లాలి. నేను ఒకసారి దగ్గరుండి చూపించాను. టైమరు మోగగానే మీట తిప్పి "ఇంతే" అన్నాను. బస్సుకు టైమవుతోంది, నువ్వు వెళ్లమ్మా, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. నోట్‌బుక్ ఇచ్చాను.

ఆమె నోట్‌బుక్‌లో రాసింది రాసినట్టు చేసింది. ఫోన్లో టైమరు పెట్టుకుని, పది నిమిషాలకు ఒక్క సెకను కూడా ఎక్కువ కాకుండా, ముక్కల్ని తీసి చల్లటి దిమ్మె మీద పెట్టింది. కరెంటు పారలేదు. మళ్లీ చేసింది. పూతలో సన్నటి పగుళ్లు వచ్చాయి. మళ్లీ చేసింది. జనవరి చివరికి పద్నాలుగుసార్లయింది. మీటింగులో ప్రొఫెసర్ నా గ్రాఫు, ఆమె గ్రాఫు పక్కపక్కన తెర మీద పెట్టేవాడు. గట్టిగా ఒక్క మాట అనేవాడు కాదు. పెదవి కొరుక్కుంటూ చూసేవాడు, అంతే. ఆమె తల వంచుకుని తన నోట్‌బుక్ అంచు గోటితో గీకుతూ ఉండేది. ఏప్రిల్ లోపు ఫలితం రాకపోతే ల్యాబ్‌లో చోటు ఉండదని, థీసిస్ మాని కోర్సులు మాత్రమే చేసే డిగ్రీకి మారాల్సి వస్తుందని ఆమెకు అప్పటికే చెప్పారు. అలా మారితే ల్యాబు నుంచి వచ్చే స్టైపెండు ఆగిపోతుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమెను భోజనానికి పిలిచాను. నా డిఫెన్స్‌కు, అంటే థీసిస్ మీద ఎగ్జామినర్లు ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగే ఆఖరి పరీక్షకు, సరిగ్గా మూడు వారాలుంది. థీసిస్ అప్పటికే ఎగ్జామినర్ల చేతికి వెళ్లిపోయింది. రైస్ కుక్కర్ పాడయితే ఆ వారమంతా గిన్నెలోనే అన్నం వండుతున్నాను. పప్పుచారు, బంగాళదుంప వేపుడు అయిపోయాయి. పాప వంటింటి గచ్చు మీద కూర్చుని గరిటెలతో ఆడుకుంటోంది. అన్నం పొయ్యి కట్టేసి రెండు నిమిషాలయిందో లేదో, ఆ పిల్ల కంచం పట్టుకుని వచ్చి మూత మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే తీయకు" అన్నాను.

"ఆకలైతాంది అక్కా. మీ గుంటూరోళ్లు మూత తీయనీకి గూడ ముహూర్తం చూస్తరా?"

"కాసేపు ఉమ్మగిల్లనీ."

"పొయ్యి కట్టేసినవ్ కదా! ఇంకేమైతది?"

"అయ్యేదంతా కట్టేశాకే. ఇప్పుడు తీస్తే పైనంతా పలుకు, అడుగునంతా ముద్ద."

"మా అమ్మ గిట్లనే అంటది. ఎంతసేపే అంటే చెప్పది. నీకే తెలుస్తది తియ్యే అంటది." పాప వైపు వంగింది. "నువ్వు చెప్పు చిన్నీ, మీ అమ్మ నన్ను ఉపాసం పండవెడతాంది కదా?"

పాప గరిటె నేలకేసి కొట్టి "యెస్" అంది. ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

నా చెయ్యి మూత మీద ఉంది. కింద ఆవిరి ఇంకా కదులుతోంది. మా అమ్మ నాకు అన్నం వండటం నేర్పినప్పుడు ఒకటికి రెండు నీళ్లు అని చెప్పింది, మంట ఎప్పుడు తగ్గించాలో చెప్పింది. ఉమ్మగిల్లనివ్వమని చెప్పలేదు. అది వంటలో భాగమని ఆమెకు తోచి ఉండదు. ఆ సంగతి గుర్తొచ్చిన వెంటనే ఆ అల్యూమినియం దిమ్మె గుర్తొచ్చింది. అంత మందపు దిమ్మె చల్లారడానికి గంట పైనే పడుతుంది. నా ముక్కలు అన్ని నెలలూ పది నిమిషాలు కాదు కాగింది. పది నిమిషాలు కాగి, ఆ తర్వాత మెల్లమెల్లగా చల్లారాయి. రేణువులు సర్దుకున్నాయి, గోతులు పూడాయి, పగుళ్లు రాలేదు. ఈ పిల్ల మూత వెంటనే తీసేస్తోంది, ఎందుకంటే నేను రాసింది అంతవరకే.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ నోటి దాకా వచ్చేలోపే ఇంకో పది సంగతులు బుర్రలోకి వచ్చేశాయి. థీసిస్‌లో ప్రతి పట్టికలో "10 నిమిషాలు" అని ఉంది. తప్పని తేలితే డిఫెన్స్ వాయిదా పడుతుంది. నా స్టడీ పర్మిట్ వేసవితో అయిపోతుంది. డిగ్రీ రాకపోతే నాకు వర్క్ పర్మిట్ రాదు, నాది లేకపోతే మా ఆయనది ఉండదు. పాప ఇక్కడ పుట్టింది, దానికి మాత్రం ఏ పర్మిటూ అక్కర్లేదు. మేమిద్దరం వెళ్లిపోవాల్సివచ్చి అది ఒక్కతే ఎయిర్‌పోర్టులో నిలబడ్డట్టు ఊహించుకున్నాను. అలా ఎక్కడా జరగదు, నాకు తెలుసు. అయినా ఊహించుకున్నాను. ముందు నిజమో కాదో పరీక్ష చేసి చూసి చెబుదామని సర్ది చెప్పుకున్నాను.

"అక్కా, ముహూర్తం వచ్చిందా?" అంది.

మూత తీశాను. అన్నం బాగా కుదిరింది. ఆమె పప్పుచారు రెండుసార్లు పోయించుకుంది.

మంగళవారం పరీక్ష చేశాను. రెండు ముక్కలు. ఒకటి పది నిమిషాలకు తీసేశాను, ఒకటి కట్టేసిన ప్లేటు మీదే వదిలేశాను. బుధవారం కొలిచి చూస్తే అనుమానమేమీ మిగల్లేదు. తీసేసిన ముక్క ఆమె ముక్కల్లాగే ఉంది. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. నోట్‌బుక్‌లో రాయలేదు.

శుక్రవారం ఆమె ప్రొఫెసర్ గదిలోంచి బయటికి వచ్చేసరికి నేను సింకు దగ్గర గాజుసీసాలు కడుగుతున్నాను. వచ్చి నా పక్కనే నిలబడింది. ఏడవలేదు.

"ఫామ్ ఇచ్చిండు అక్కా. ఏప్రిల్ దాకా ఆగుడు ఎందుకన్నడు. సోమవారం సంతకం పెట్టియ్యాలె."

నేను పంపు కట్టలేదు.

"నా చెయ్యే మంచిగ లేదు. మా నానమ్మ అనేది, కొందరి చెయ్యి పడితే పచ్చడి బూజు పడతదని. నన్ను జాడీ ముట్టనియ్యకపోయేది. నేను ఉత్త మూఢనమ్మకం అని కొట్లాడేదాన్ని."

"అలా అనకు" అన్నాను. "అలవాటు మీద వస్తుంది."

ఆ మాట నేనే అన్నాను. బ్యాగు మూడడుగుల దూరంలో కుర్చీ మీద ఉంది, దాంట్లో ఆ కాగితం ఉంది. ఆమె నా చేతిలోని సీసా తీసుకుని, తనే కడిగి, ఆరబెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. శని, ఆదివారాలు ఫోను చేతిలో పట్టుకుని ఇంట్లో తిరిగాను. మా ఆయన ఏమైందని అడిగితే డిఫెన్స్ భయం అన్నాను. సోమవారం ఆమె సంతకం పెట్టింది. వారం తిరక్కుండా, ఇక్కడ అద్దె కట్టలేనని, టొరంటోలోని స్కార్‌బరోలో వాళ్ల కజిన్ దగ్గరికి వెళ్లి అక్కడ ఏదో కాలేజీలో డిప్లొమాలో చేరతానని చెప్పి వెళ్లిపోయింది. నా కోసం ల్యాబ్ ఫ్రిజ్ మీద ఒక చాక్లెట్ పెట్టి "ఆల్ ది బెస్ట్ అక్కా" అని చీటీ అంటించింది.

డిఫెన్స్ రోజు ఎగ్జామినర్లలో ఒకావిడ, పొట్టి జుట్టు పెద్దావిడ, థీసిస్‌లో ఒక పేజీ తెరిచి అడిగింది. "పది నిమిషాలు అయ్యాక ముక్కల్ని ఎలా చల్లార్చారు? అది ఎక్కడా రాయలేదు."

అడిగితే ఏం చెప్పాలో నేను ముందే తయారుచేసుకుని ఉంటానని ఎవరైనా అనుకోవచ్చు. లేదు. నీళ్లు తాగాను. "తీయలేదు" అన్నాను. "ప్లేటు కట్టేసి దాని మీదే వదిలేశాను. మెల్లగా చల్లారాయి. వెంటనే తీసిన ముక్కతో పోల్చి కూడా చూశాను." బ్యాగులోంచి కాగితం తీసి ఇచ్చాను.

ఆవిడ కాగితం చూసి నవ్వి, ఈ థీసిస్‌లో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే, దీన్ని ఒక సెక్షనుగా చేర్చండి అంది. పట్టికలు సరిచేయాలి, రెండు వారాల పని, పాస్. అంతే. వాయిదా లేదు, ఎయిర్‌పోర్టు లేదు. నేను మూడు వారాలు భయపడిందంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. బయట మా ఆయన పాపను ఎత్తుకుని నిలబడ్డాడు. కేకు కోశారు. ప్రొఫెసర్ కాగితపు కప్పు పైకెత్తి నా గురించి మంచి మాటలు చెప్పాడు.

మర్నాడు ప్రొఫెసర్ గదికి వెళ్లి ఆ అమ్మాయి సంగతి అడిగాను. తప్పు నా నోట్‌బుక్‌ది, ఆమెది కాదు, వెనక్కి తీసుకోవచ్చా అన్నాను. ఆయన కిటికీలోంచి మంచు వైపు చూశాడు. ఆ చోటు మే నుంచి ఇంకొకరికి ఇచ్చేశానన్నాడు. నెల క్రితం తెలిసి ఉంటే బాగుండేది అన్నాడు. నేను తలూపాను. నోట్‌బుక్ సరిచేసి తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం ఆమెకు ఫోన్ చేశాను. బస్సులో ఉంది.

"అక్కా! పాసైనవంట కదా! పార్టీ లేకుండనే తప్పించుకుంటవా?"

చెప్పాను. ప్లేటు సంగతి, రాత్రంతా వదిలేసిన సంగతి, నేను రాయని సంగతి.

"అంటే నా చెయ్యి మంచిదేనా?" అంది.

"నీ చేతిలో ఏ తప్పూ లేదు. రాసిందాంట్లో ఉంది."

"పద్నాలుగుసార్లు చేసిన అక్కా."

"తెలుసు."

"నీకెప్పుడు తెలిసింది?"

డిఫెన్స్‌లో ఎగ్జామినర్ అడిగినప్పుడు అని చెప్పొచ్చు. నమ్మేది. ఆమె నా మాట ఎప్పుడూ నమ్మింది, అదే కదా ఆమె చేసిన పొరపాటు.

"ఆ ఆదివారం" అన్నాను. "నువ్వు అన్నం మూత తీయబోయినప్పుడు."

"పప్పుచారు చేసినవ్ ఆ రోజు" అంది.

"ఊఁ."

"రెండుసార్లు పోసినవ్ నాకు."

అటువైపు బస్సు ఆగుతున్న చప్పుడు వినపడింది.

"నా స్టాప్ వచ్చింది అక్కా. చిన్నిని అడిగినా అని చెప్పు." పెట్టేసింది.

తర్వాత నేను రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజి పెట్టాను, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. వాట్సాప్‌లో ఫొటో మారుతూ ఉంటుంది, కొత్త జాకెట్టులో, ఒకసారి సరస్సు దగ్గర. పెద్దగా చేసి చూస్తాను. బాగున్నట్టే ఉంటుంది. అది ఫొటో.

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఏదీ చెరపకూడదు. తప్పును ఒక్క గీతతో కొట్టేయాలి, కింద అక్షరాలు కనపడుతూనే ఉండాలి. పక్కన సరైనది రాసి, రాసిన రోజు తేదీ వేసి, సంతకం పెట్టాలి. నేను "10 నిమిషాలు" కొట్టేశాను. పక్కన "10 నిమిషాలు, తర్వాత ప్లేటు కట్టేసి, దాని మీదే మర్నాటి దాకా" అని రాశాను. ఆ రోజు తేదీ వేశాను. దాని కింద ఇంకో లైను రాశాను, ఈ తేడా గమనించిన రోజు అని, ఆ ఆదివారం తేదీ.

ఆమె సంతకం పెట్టిన ఫామ్ మీద తేదీ ప్రొఫెసర్‌కు తెలుసు, అది ఆ ఆదివారానికి ఎనిమిది రోజుల తర్వాతిది. ఆయన పేజీ చదువుతూ రెండో తేదీ దగ్గర ఆగాడు. పెన్ను కాగితం మీద ఆనించి కాసేపు అలాగే ఉంచాడు, సిరా చుక్క కొంచెం పాకింది. తల ఎత్తి నా వైపు చూడలేదు. సంతకం పెట్టి, పుస్తకం మూసి, బల్ల మీద నా వైపుకు జరిపాడు.

నాలుగూ యాభై అయింది. పాప కోసం బయల్దేరాను.